నోరు కట్టుకుని తెచ్చిన నేల ఉసిరి

నేను ఎక్కువ మాట్లాడతానని మా ఊరు తెక్కేకడవులో ఎవర్నడిగినా చెప్తారు. అడక్కపోయినా చెప్తారు. పళ్ళు తోముకునేటప్పుడు తప్ప పారుక్కుట్టి నోరు మూతబడదని టీకొట్టు పెద్దాయన మొయ్దు కాక అంటాడు. అప్పుడు కూడా మూతబడదని మా మామయ్య అంటాడు. అననివ్వండి, మాట్లాడేదాన్ని పట్టుకుని మాట్లాడతావంటే నాకేం రోషం రాదు. మాట్లాడలేదని మాత్రం ఊరు ఊరంతా నా మీద పడింది ఒక్కసారే. ఆ పొద్దు సంగతే ఇప్పుడు చెప్తా, మధ్యలో లేవకండి.

మా మామయ్య చోయి వైద్యరు. అమ్మకి అన్న. నిళా నదికి ఇటు ఒడ్డున ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూడని మనిషి లేడు. ఆయన నాడి చూస్తాడు, నేను మూలికలు తెచ్చి, కడిగి, నూరి, కాచి ఇస్తాను. పిల్లల దగ్గుకి అడ్డసరం, జ్వరాలకి తిప్పతీగ, ఒళ్ళునొప్పులకి నల్లేరు, ఏది ఏ గట్టున మొలుస్తుందో కళ్ళు మూసుకుని చెప్తా. పెళ్ళెందుకు చేసుకోలేదంటారా? వయసులో వచ్చిన సంబంధాలు నా మాటల ప్రవాహంలో కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నూనెలు కాచుకోవడంలో నాకూ తీరిక దొరకలేదు. నలభై ఎప్పుడు దాటానో కూడా గమనించలేదు.

ఇక వేలప్పన్. మా రేవులో పడవ నడిపేవాడు. మంచి తిప్పతీగంతా అవతలి ఒడ్డున పెరుగుతుంది కాబట్టి వారానికి నాలుగైదు సార్లు అతని పడవ ఎక్కేదాన్ని. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నేను చెప్తూనే ఉండేదాన్ని, అతను గెడకర్ర వేస్తూ వింటూనే ఉండేవాడు. "ఎక్కు" అనేవాడు, "జాగ్రత్త" అనేవాడు, "దిగు" అనేవాడు. ఇన్నేళ్ళలో అతని నోట నేను విన్నది అంతే. ఆ "జాగ్రత్త" అనే మాట మాత్రం ఎంత మెత్తగా అనేవాడో, అది వినడం కోసం కొన్నిసార్లు కావాలనే కాలు జారేదాన్ని. నాకు అతనంటే ఇష్టం, ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు? ఊళ్ళో అందరి సంగతులూ వాగే నోరు ఆ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగిపోయేది. అతనే అంటాడులే అని చూశాను. అతను అనలేదు.

ఈలోగా నదికి వంతెన కట్టేశారు. వంతెన మీద బస్సు వెళ్తుంటే పడవెవరు ఎక్కుతారు, నేను తప్ప? వంతెన మీద నడిస్తే నాకు కళ్ళు తిరుగుతాయని అందరికీ చెప్పి పడవలోనే వెళ్ళేదాన్ని. ఒక్క మనిషి కోసం రేవు నడుస్తుందా అండీ? ఒకనాడు మధ్యాహ్నం మొయ్దు కాక కొట్లో టీ తాగుతుంటే పిడుగులాంటి వార్త తెలిసింది. వేలప్పన్ కోయంబత్తూరు పోతున్నాడు. మేనల్లుడు అక్కడ మిల్లు గేటు దగ్గర కావలి పని చూసిపెట్టాడట. రేపు పొద్దున ఎనిమిది గంటల బస్సుకే ప్రయాణం.

టీ సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

అది కర్కిడక మాసం. వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. ఆ నెలలో మావాళ్ళు పెళ్ళి మాటైనా ఎత్తరు, కొత్త పనేదీ మొదలెట్టరు. ఒంటికి నూనె పట్టించుకుని, మెంతులూ ఆకుపసరూ వేసి కాచిన మందుగంజి తాగుతూ, నెల గడిచిపోతే చాలనుకుంటారు. మామయ్య కూడా ఆ గంజి ముందే కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా చతికిలబడి మొదలుపెట్టాను. ఎవరైనా ఇలా చెప్పాపెట్టకుండా పోతారా, కర్కిడకంలో ఎవరైనా ఊరు వదులుతారా, పైనెలదాకా ఆగితే ఆ మిల్లు గేటు ఎవరైనా ఎత్తుకుపోతారా, అని. మామయ్య గిన్నె ఎత్తినప్పుడల్లా "అవునా కాదా మామయ్యా" అని అడుగుతున్నాను. ఆయన జవాబు చెప్పడానికి గిన్నె దించుతున్నాడు. దించగానే నేను మళ్ళీ అందుకుంటున్నాను. గంజి మీద పొర కట్టేసింది.

చివరికి చెప్పేశాను. "కర్కిడకమైతే కర్కిడకం మామయ్యా. రేపు పొద్దున్నే రేవుకి వెళ్ళి, ఉండిపో అని నేనే చెప్పేస్తా. మొదట్నుంచీ అన్నీ విడమరిచి చెప్తా."

మామయ్య ఆ గంజి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, మగ్గం కేళు మనవరాలికి కామెర్లు వచ్చాయని, కళ్ళు పసుపు రాసినట్టున్నాయని, రేపు పొద్దున్నే నేల ఉసిరి కావాలని అన్నాడు. నాకు పాపం అనిపించింది. పిల్లకి ఆరేళ్ళు లేవు. పెరట్లోంచి తెస్తాలెండి అన్నాను. పెరట్లోది పనికిరాదట. రేవు రాళ్ళ మధ్య, నదిగాలికి మొలిచిందే కావాలట. అది కూడా పద్ధతి ప్రకారం తేవాలట.

ఆ పద్ధతి నాకు తెలియనిది కాదు. పెద్ద పెద్ద వేర్లు తవ్వడానికి మామయ్య స్వయంగా వెళ్ళేటప్పుడు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ముందురోజు సాయంత్రం మొక్కకి పసుపుదారం కట్టి, రేపు వచ్చి తీసుకుంటానని అడిగి రావాలి. పొద్దున్నే ఎంగిలిపడకుండా వెళ్ళాలి. ఇనుము తగలకూడదు, మన నీడ దాని మీద పడకూడదు. తీసినదాన్ని ఎవరి కంటా పడకుండా బట్టలో దాచి తేవాలి. మొక్క మీద చెయ్యి వేసిన దగ్గర్నుంచి అది తెచ్చి నూరుడురాయి మీద పెట్టేదాకా నోరు విప్పకూడదు. మాట బయటపడితే మందులో బలం ఆ మాటతోనే పోతుంది. అందుకే ఈ పనికి మామయ్య నన్ను ఎప్పుడూ పంపలేదు.

"నేనా?" అన్నాను. "మాట్లాడకుండానా?"

"సైగ చేసినా మాటే. తల ఊపినా మాటే," అన్నాడు మామయ్య. "పసిపిల్ల మందమ్మా ఇది."

ఆ ఒక్క మాటతో నా నోరు కట్టేశాడు. పసిపిల్ల ప్రాణంతో ఆటలా? నేను లెక్క వేసుకున్నాను. తెల్లవారగానే వెళ్ళి, మొక్క తెచ్చి రాయి మీద పడేసి, అప్పుడు బస్సు దగ్గరికి పరుగెత్తినా ఎనిమిదిలోపు చేరతాను. మందుకి మందు అవుతుంది, మాటకి మాట అవుతుంది. తాటాకు గొడుగు వేసుకుని ఆ సాయంత్రమే రేవుకి వెళ్ళి, రాళ్ళ మధ్య మంచి గుబురు చూసి దారం కట్టాను. రేపు నోరు విప్పడం కుదరదు కదా అని నా గోడంతా ఆ మొక్కకే చెప్పుకున్నాను. చీకటి పడేదాకా చెప్పాను. అది ఏమీ అనలేదు, ఒప్పుకుందనే అనుకున్నాను.

మర్నాడు వాన కాస్త తెరిపిచ్చింది. నేను వెళ్ళేసరికి రేవులో ఎవరూ లేరు. వేలప్పన్ పడవ ఒడ్డుకి లాగి బోర్లించి ఉంది. నీడ పడకుండా పక్కకి కూర్చుని, చెక్కపుల్లతో మట్టి గుల్ల చేసి, మొక్కని వేర్లతో సహా తీశాను. ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరసగా ఉన్నాయి. అరిటాకులో చుట్టి, పైబట్ట కింద గుండెకి అదుముకుని లేచి తిరిగాను.

ఎదురుగా వేలప్పన్. తెల్లపంచె, కొత్త చొక్కా, కాళ్ళ దగ్గర రేకుపెట్టె. పడవని చివరిసారి చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు.

అతను నన్ను చూసి ఆగాడు. నా మాటలు మొదలవుతాయని అందరూ ఆగినట్టే ఆగాడు. మొదలవలేదు. పండగనాడు పడవ ఎక్కడానికి జనం తోసుకున్నట్టు నా నోట్లో మాటలు తోసుకుంటున్నాయి. నేను పళ్ళు బిగించాను.

"ఎనిమిది బస్సుకి పోతున్నా," అన్నాడు.

నేను నా కాలివేళ్ళు చూసుకున్నాను.

"కోయంబత్తూరు," అన్నాడు. కాసేపాగి, వాన తగ్గిందన్నాడు. ఇంకాసేపాగి, బోర్లించిన పడవ వైపు చూస్తూ, "నీకేమైనా చెప్పాలనుందేమో అని..." అన్నాడు.

చెప్పాలని ఉందా అండీ? ఒళ్ళంతా చెప్పాలనే ఉంది. తల ఊపుదామంటే తల ఊపినా మాటే. మగ్గం కేళు మనవరాలి పచ్చటి కళ్ళు నా కళ్ళ ముందు తిరుగుతున్నాయి. నేను రాతిబొమ్మలా నిలబడ్డాను. వేలప్పన్ మొహం నెమ్మదిగా దిగిపోయింది. సరేలే అని, పెట్టె భుజానికెత్తుకుని వంతెన దారి పట్టాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఏడుపు మాటల్లోకి వస్తుందో రాదో మామయ్య చెప్పలేదు, అందుకని ఏడ్చాను. ఏడుస్తూనే గట్టు దారిన ఇంటివైపు దాదాపు పరుగు పెట్టాను.

దారిలో మొయ్దు కాక కొట్టు. రోజూ ఆ వేళకి నేను అక్కడ ఆగాలి, కాక గ్లాసు అందించాలి, బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా ఊరి వార్తలు నా నోట వినాలి. పేపరు తెప్పించే ఖర్చు నా వల్ల మిగిలిందని కాక అంటూ ఉంటాడు. ఆ పొద్దు గ్లాసు చాపి, వేలప్పన్ ఇప్పుడే మొహం వేలాడేసుకుని బస్సుకి వెళ్ళాడని, నేనేమన్నానని అడిగాడు. నేను ఆగకుండా నడిచాను.

"ఏమన్నావే అంటున్నా," అన్నాడు కాక, గ్లాసుతో సహా నా వెనకే వస్తూ. "ఏమీ అనలేదా? నువ్వా?"

నేను నడుస్తున్నాను. కాక నా ముందుకొచ్చి మొహంలోకి చూశాడు. బిగించిన పెదాలు, కారుతున్న కళ్ళు. అంతే, టీ ఒలికిపోయింది. పారుక్కుట్టికి మాట పడిపోయిందని కొట్టువైపు తిరిగి కేక పెట్టాడు. బల్ల మీదున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. వాళ్ళని నా వెనక పంపి, పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి, ముసలాయన లుంగీ ఎగ్గట్టి వంతెన వైపు పరుగు తీశాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందని తర్వాత చెప్పుకున్నారు.

మా ఇంటి కంచె దగ్గరికి వచ్చేసరికి ఇంకో పరీక్ష. పక్కింటి కాళియమ్మ మేక కంచెలో తల దూర్చి నా సరస్వతి ఆకు మేస్తోంది. జ్ఞాపకశక్తికి పిల్లలకిచ్చే ఆకు అది. ఏళ్ళ తరబడి మేస్తోంది కాబట్టే ఆ మేక మా ఇంటి దారి ఏనాడూ మర్చిపోదు. కాళియమ్మ అప్పటికే నడుం మీద చెయ్యేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది. పొద్దున్నే నాతో ఒక దెబ్బలాట పడకపోతే ఆవిడకి గంజి దిగదు. నేను మేకని చూశాను. మేక నన్ను చూసింది. నేను ముందుకి నడిచాను.

"ఏమే పారూ," అంది కాళియమ్మ. "నా మేక మేస్తోంది."

నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"మొదలంటా మేస్తోందే, చూడవే," అంది మళ్ళీ. గొంతులో భయం మొదలైంది. నేను చూడలేదు. కాళియమ్మ చేతిలో చీపురు కింద పడింది. నా మేక దాని ఆకు మేస్తుంటే తిట్టలేదమ్మోయ్ అని గుండెలు బాదుకుని అరిచింది. వెనక టీకొట్టు జనం, పక్కిళ్ళ ఆడవాళ్ళు, గొడుగులు వేసుకుని కొందరు, తడుస్తూ కొందరు, అంతా మా వాకిట్లోకి వచ్చిపడ్డారు. దయ్యం చూసిందని ఒకరన్నారు. వంతెన మీద నడిచి కళ్ళు తిరిగాయని ఒకరన్నారు. మామయ్యని పిలవబోతే, ఆయన ఒళ్ళంతా నూనె పట్టించుకుని లోపల కూర్చున్నాడు, ఆ ఒంటితో గాలికి రాడు. తలుపు వెనక నుంచి గంజి జుర్రుతున్న చప్పుడు మాత్రం హాయిగా వినిపిస్తోంది.

నూరుడురాయి చూరు కింద, వాకిలి చివర ఉంది. ఒక్క పరుగులో చేరిపోదామనుకున్నాను. ఏదీ? నాకంటే ముందు కాళియమ్మ వెళ్ళి ఆ రాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చూరులో వేలాడదీసిన వసకొమ్ము లాగి, తన ఉంగరం తీసి, రెండూ కలిపి రాయి మీద నీళ్ళతో అరగదీస్తోంది. మాటలు రాని పసిపిల్లలకి వస, బంగారం అరగదీసి నాలిక మీద రాస్తారు కదా, అది. నాకు, నలభై దాటినదానికి, అది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కుదరవు కూడా. నేను రాయివైపు వంగితే ఆవిడ నా నోట్లో వేలు పెట్టబోయింది. నేను పళ్ళు ఇంకా గట్టిగా బిగించాను. దవడలు కూడా బిగుసుకుపోయాయని ఆవిడ ఏడుపు లంకించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను రెండు రెక్కలూ పట్టుకున్నారు. పైబట్ట కింద మొక్కని అదుముకుని నేను గింజుకుంటున్నాను. పిచ్చి కూడా పట్టిందని ఎవరో నిర్ధారణ చేశారు.

అప్పుడు వాకిట్లో జనం రెండుగా చీలారు. వేలప్పన్. నెత్తిన పెట్టె, కొత్త చొక్కా నిండా బురద, వెనకాల రొప్పుతూ మొయ్దు కాక. వేలప్పన్ పెట్టె దబ్బున కింద పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నా మొహం చూశాడు. బిగించిన నా నోరు చూశాడు.

"పారుక్కుట్టీ," అన్నాడు. "రేవులో కోపమనుకున్నా. మాట పడిపోయిందని తెలీదు. తెలిస్తే పోయేవాణ్ణా?"

అంతవరకే అయితే సంగతి అక్కడితో పోయేది. అతను ఆగలేదు. అంతమందిలో, వానలో, గెడకర్ర లేక ఖాళీగా ఉన్న చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఊపుతూ, జీవితంలో దాచుకున్నదంతా బయటపెట్టాడు.

"ఎన్నేళ్ళనుంచో నీకు ఒక మాట చెప్దామని చూస్తున్నా. నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు చెప్దామనుకుంటా, నువ్వు తీసుకోవు. కావాలనే గెడ నెమ్మదిగా వేసేవాణ్ణి. నది చాలేది కాదు. వరదొచ్చినప్పుడు కూడా చాలేది కాదు. ఇవాళ రేవులో నువ్వు మాట్లాడకపోతే నాకు చెవులు పోయినట్టయింది. బస్సు కోసం నిలబడ్డా, అక్కడ అంతమంది మాట్లాడుతున్నారు, నాకేం వినపడలా." కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు మాట రాకపోతే పోనీ. ఇన్నాళ్ళూ మన ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడావు. ఇకనుంచి నేను మాట్లాడతా. నీ వంతు కూడా నేనే మాట్లాడతా. నేర్చుకుంటా. నన్ను ఉండమంటావా?"

నా రెక్కలు పట్టుకున్న ఆడవాళ్ళు పట్టు వదిలేసి ముక్కులు చీదుతున్నారు. దూరంగా వంతెన మీద బస్సు హారన్ కొట్టింది. ప్రతి స్టాపులో అది మూడో హారన్‌కి కదిలిపోతుందని ఊరందరికీ తెలుసు. నేను కాళియమ్మని భుజంతో పక్కకి తోసి, పైబట్టలోంచి అరిటాకు పొట్లం తీసి, నేల ఉసిరిని వేర్లతో సహా ఆ వస గంధం మీదే రాయి మీద ధబీమని పడేశాను.

అయిపోయింది. మౌనం తీరింది. నేనిక మాట్లాడొచ్చు.

జనం మొక్కని చూశారు, నన్ను చూశారు. పద్ధతి తెలిసినవాళ్ళు కాబట్టి సంగతి గ్రహించి గుసగుసలు మొదలెట్టారు. వేలప్పన్ కూడా గ్రహించాడు. చెవుల చివర్ల దాకా ఎర్రబడిపోయాడు. నేను అతని వైపు తిరిగి నోరు తెరిచాను. రెండో హారన్ వినిపించింది. చెప్పడానికి రాత్రంతా కూర్చుకున్న మాటలు, మొక్కకి కూడా ఒప్పజెప్పిన మాటలు, ఒక్కటీ రాలేదు. నిజంగానే రాలేదండీ. నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. కట్టేవాళ్ళెవరూ లేకుండానే నా నోరు కట్టుకుపోవడం అదే మొదలు.

వేలప్పన్ తలొంచుకుని పెట్టె అందుకోవడానికి వంగాడు.

నేను వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాను.

కాళ్ళు చాపుకుని, పైబట్ట సర్దుకుని, ఇక ఇక్కణ్ణుంచి లేచేది లేదన్నట్టు బరువంతా వేసి కూర్చున్నాను. రేకు లోపలికి సొట్టపడింది. మూడో హారన్ మోగింది, బస్సు వంతెన దిగి వెళ్ళిపోయింది. వేలప్పన్ అది వెళ్ళిన వైపు చూడనే లేదు. నన్నే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. నేను కూడా నవ్వడానికి నోరు తెరిచాను. కాళియమ్మ ఇంత అవకాశం మళ్ళీ దొరకదని వసా బంగారమూ నేల ఉసిరీ కలిసిన ఆ ముద్దని వేలితో తీసి నా నాలిక మీద బరబరా రుద్దేసింది.

వస ఎప్పుడైనా నోట్లో పెట్టుకున్నారా? చెవుల్లోంచి పొగలొస్తాయి. నా నోట్లో కట్ట తెగిపోయింది. కాళియమ్మని, ఆవిడ మేకని, ఆ మేకని కన్న మేకని, అది మేసిన ప్రతి రెమ్మనీ పేరుపేరునా ఎత్తి తిట్టాను. ఊపిరి తీసుకోలేదు. తిడుతున్నంతసేపూ కాళియమ్మ చేతులు జోడించి ఆనందంగా ఏడుస్తూ నిలబడింది. వాకిట్లో ఈలలు, చప్పట్లు. మాట తెప్పించింది తన వసేనని ఆవిడ ఈనాటికీ నమ్ముతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకి మాటలు ఆలస్యమైతే మా మామయ్య దగ్గరికి కాకుండా ఆవిడ దగ్గరికే తీసుకెళ్తున్నారు.

కర్కిడకంలో పెళ్ళి మాట ఎత్తడమేమిటని ఒక పెద్దావిడ అడ్డుపడబోయింది. మొయ్దు కాక వెంటనే తీర్పు చెప్పాడు. వేలప్పన్ అడిగాడు గానీ పారుక్కుట్టి జవాబు చెప్పలేదు, మేకని తిట్టడం పెళ్ళి మాట కాదు, కాబట్టి మాట ఇంకా ఎత్తనట్టే. అందరూ ఒప్పుకున్నారు. పైనెల ఓణం పోయాక మా పెళ్ళి జరిగింది. సొట్టపడిన ఆ పెట్టెలోనే నా పెళ్ళిచీర పెట్టుకున్నాను.

అసలు సంగతి మిగిలింది. ఆ పొద్దు జనమంతా వెళ్ళిపోయాక, వేలప్పన్ రేవులో పడవ తిరగేయడానికి వెళ్ళాక, నేను మందు నూరుదామని రాయి ముందు కూర్చున్నాను. మామయ్య గంజిగిన్నె కడుక్కుంటూ బయటికొచ్చాడు. ఆ పిల్లకి నిన్న సాయంత్రమే ఇచ్చేశానమ్మా, ఇంక అక్కర్లేదు అన్నాడు. మగ్గం కేళు వచ్చి తీసుకెళ్ళాడట, పెరట్లోదే నూరి మజ్జిగలో కలిపి పంపాడట. నా చెయ్యి ఆగిపోయింది. వంటింటి చూరు కిందికి చూశాను. వాన నీళ్ళు పడే చోట నేల ఉసిరి గుత్తులు గుత్తులుగా మొలిచి ఉంది, అడుగు పెట్టడానికి సందు లేదు.

"నేల ఉసిరికి మౌనం ఎందుకు మామయ్యా?" అన్నాను.

"నేల ఉసిరికి మౌనమేమిటి?" అన్నాడు ఆయన. "అది గడ్డిలా మొలుస్తుంది. పీక్కుని రావడమే."

మరి నన్నెందుకు పంపారని ఒంటికాలి మీద లేచాను. ఒక్క పూటైనా గంజి వేడిగా తాగుదామనుకున్నానన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ ఆయన నోటినుంచి ఇప్పటికీ రాలేదు. గంజి కోసమే అయితే పెరటికి పంపొచ్చు కదా, సరిగ్గా రేవుకే ఎందుకు పంపాలి అని అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటాను. ఆయన నాడి చూస్తున్నట్టు నా చెయ్యి పట్టుకుని, రోగం కుదిరిందిగా అంటాడు.

ఇప్పుడు నేను వారంలో రెండు మూడు పొద్దులు నేల ఉసిరికి రేవుకి వెళ్తాను. అవసరం ఉన్నా లేకపోయినా వెళ్తాను. మొక్క తీసి పైబట్టలో దాచుకుని, నోరు గట్టిగా మూసుకుని, ఇంటిదాకా చుట్టుదారిన నడుస్తాను. పక్కనే వేలప్పన్ మాట్లాడుతూ వస్తాడు. చిన్నప్పుడు నదిలో పోగొట్టుకున్న వేణువు సంగతి, నా గొంతు వినపడితే పడవ ఎంత దూరం నుంచి తిప్పేవాడో ఆ సంగతి, ఒకటని కాదు. నూరుడురాయి కనపడగానే గబగబా ముగించేస్తాడు, పాపం. మౌనం అక్కర్లేదని మామయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు తెలిసింది. అతనికి మాత్రం చెప్పకండి.